గాలి ఈత

తెల్లారగానే ఈత టీచరు చేసే మొదటి పని మున్సిపల్ స్విమ్మింగ్ పూల్ ఊడవడం. చీపురు పట్టుకుని నిచ్చెన దిగి, లోతు ఎక్కువున్న వైపు నుంచి మొదలుపెట్టి, రాలిన ఆకులూ, గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవర్లూ, ఎవరో గోడ మీంచి విసిరిన సిగరెట్ పీకలూ అన్నీ ఒక మూలకి చేరుస్తుంది. ఊడుస్తున్నంతసేపూ తిడుతుంది. ముందు మున్సిపాలిటీని మొత్తంగా కలిపి తిడుతుంది, ఆ తర్వాత సెక్షన్ల వారీగా విడివిడిగా తిడుతుంది. తిట్లు అయ్యేసరికి నేల అద్దంలా అవుతుంది. పైకొచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా నీళ్ళతో చేతులు కడుక్కుని, అప్పుడు ఈల ఊదుతుంది.

ఆ ఆవరణ మొత్తమ్మీద నీళ్ళుండేది ఆ సీసాలోనే. పూల్లో చుక్క నీరు లేక ఏళ్ళవుతోంది.

ఈల వినగానే స్టూడెంట్లు వరసగా దిగుతారు. బేకరీ ఆవిడ, రిటైరైన గుమాస్తా, కాలేజీ పిల్లలు కొందరు, నడుం నొప్పికి డాక్టరు ఈత కొట్టమన్నాడని వచ్చినవాళ్ళు ఇంకొందరు. దిగి, గాలి మీద బోర్లా పడుకుని ఈత మొదలుపెడతారు. గోడ పలకల మీద ఒకప్పటి నీటి గీత నీలంగా ఉంది కదా, అక్కడిదాకా గాలి మనుషుల్ని మోస్తుంది. గీత పైన ఉన్నది మామూలు గాలే. టీచరు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, "మోచెయ్యి పైకెత్తండి, పిండి పిసుకుతున్నారా ఏమిటి?" అని బేకరీ ఆవిణ్ణి కేకలేస్తుంది.

నీళ్ళు ఆగిపోయిన కొత్తలో, జీతం తీసుకుంటూ ఊరికే కూర్చోవడం ఇష్టంలేక, ఆమె అందరినీ ఎండిన పూల్లో బెంచీల మీద బోర్లా పడుకోబెట్టి చేతులూ కాళ్ళూ ఆడించడం నేర్పింది. నీళ్ళొచ్చే వరకూ ఒళ్ళు ఈత మరిచిపోకుండా ఉంటుందని. ఒకరోజు బెంచీలు ఉన్నచోటే ఉన్నాయి, వాటి మీది మనుషులు మాత్రం ముందుకెళ్ళారు. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. బెంచీలు తీసుకెళ్ళి గోడకి చేర్చారు, అంతే.

అందరికంటే బాగా ఈదేది టీచరు అత్తగారు. నేల మీద ఆవిడ మోకాళ్ళు పది అడుగులకే మొరాయిస్తాయి, నిచ్చెన దిగడం అసలు కుదరదు. గట్టు అంచున కూర్చుని, మెల్లిగా గాలి మీదికి జారి, అక్కణ్ణుంచి చేపపిల్లలా వెళ్ళిపోతుంది. ఆ గంటసేపే ఆవిడ మోకాళ్ళ గురించి మాట్లాడదు.

పైపు పగిలిందా అంటే లేదు. మెయిన్ రోడ్డు కూడలిలో ఫౌంటెన్ కట్టినప్పుడు, పూల్‌కి వచ్చే లైను వాల్వు కట్టేసి నీళ్ళు అటు తిప్పారు. ఫౌంటెన్ ప్రారంభోత్సవం నాడు ఆడింది, మర్నాడు మోటారు కాలిపోయింది, ఆ తర్వాత దాని మీద కాకులు వాలుతున్నాయి. ఇటు వాల్వు మాత్రం తిరిగి తెరవలేదు. టీచరు కాళ్ళరిగేలా తిరిగింది. ఇంజినీరు దగ్గరికెళ్తే వార్డు మెంబరుగారు చెప్పాలన్నాడు. మెంబరుగారి దగ్గరికెళ్తే ఆయన "చూద్దాం" అన్నాడు. ఆయన ఎవరికైనా అదే అంటాడు కాబట్టి వార్డులో అందరూ ఆయన్ని చూద్దాంగారు అని పిలుచుకుంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, బాధపడడు. నిమ్మకు నీరెత్తినట్టు ఉండే మనిషి.

"అయినా నీళ్ళు లేకుండానే ఈదుతున్నారు కదమ్మా," అన్నాడు పోయినసారి. "ఇంకా నీళ్ళెందుకు? నీ చేతి చలవ వల్ల వార్డుకి ఎంత నీరు ఆదా అవుతోందో మొన్న మీటింగులో నేనే చెప్పాను. చప్పట్లు కొట్టారు."

టీచరుకి ఆ రోజు అన్నం సహించలేదు.

అయినా అలాగే రోజులు నెట్టుకొచ్చేదేమో, ఫైరింజన్ పిల్ల సంగతి జరగకపోతే. ఆ అమ్మాయి వీధి చివర దర్జీ కూతురు. చిన్నప్పుడు ఫైరింజన్ గంట వినపడితే చాలు, వెనకాలే పరిగెత్తేది. పెద్దయ్యాకా ఆ పిచ్చి పోలేదు, అగ్నిమాపక శాఖలో చేరతానంది. పరుగు పరీక్ష నెగ్గింది, తాడు ఎక్కింది, బరువు మోసింది. మిగిలింది ఈత. దానికేం, మా పిల్ల బాణంలా దూసుకుపోతుంది అనుకుంది టీచరు. పెద్ద ఊళ్ళో నిజం నీళ్ళున్న పూల్లో పరీక్ష. ఆ అమ్మాయి అందరికంటే ముందు దూకింది, దూకుతూనే హాయిగా ఊపిరి పీల్చింది. ఆమెకి అలవాటు అదే మరి. గాలిలో ఎక్కడ ఊపిరి పీల్చినా గాలే వస్తుంది.

ఇద్దరు పట్టి పైకి లాగారట. ఒడ్డున పడుకోబెట్టి పొట్ట నొక్కారట. ఎవరో నవ్వారట కూడా. నెల తిరిగాక ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు, దాంతో సరి. ఆ తర్వాత వయసు దాటిపోతుంది.

"తప్పు నాదే టీచర్," అంది ఆ పిల్ల, గట్టు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని.

"నీది కాదు," అంది టీచరు. ఆమె కోపమంతా తన మీదే. నీళ్ళు లేని చోట ఈత నేర్పి, అదేదో ఘనకార్యంలా మురిసిపోయి, ఒక పిల్లని చావు అంచుదాకా పంపింది తనే. ఇన్నాళ్ళూ గాలి తమని మోస్తోందనుకుంది. గాలి మోసింది చూద్దాంగారిని. ఆయన కుర్చీని, ఆయన ఫౌంటెన్‌ని, ఆయన చప్పట్లని.

ఆ సాయంత్రం ఇంట్లో, భర్త ఇంకా చొక్కా విప్పకముందే చెప్పేసింది. "ఈసారి వార్డు ఎన్నికల్లో నిలబడతాను."

ఆయన కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు, ఏదైనా రెండు మూడు అద్దాలు మార్చి చూశాక గానీ మాట్లాడడు. "నువ్వు కాంట్రాక్టు ఉద్యోగివి. నిలబడాలంటే ముందు రాజీనామా చెయ్యాలి," అన్నాడు చివరికి.

"చేస్తాను."

"ఓడిపోతే?"

"ఓడిపోతాను."

"అది కాదోయ్, ఓడిపోతే ఇల్లెలా గడుస్తుందని. గెలిస్తే ఇంకా కష్టం. పొద్దున లేస్తే గుమ్మం ముందు జనం. నువ్వా, మాటంటే పడవు. రాజకీయాల్లో ఓపిక కావాలి."

"ఓపికే కదండీ మన కొంప ముంచింది!" అని అరిచింది టీచరు. "ఇంకా ఎంత ఓపిక పట్టమంటారు?"

మంచం మీంచి అత్తగారు, మోకాళ్ళకి మందు రాసుకుంటూ, కొడుకు వైపు చూడకుండానే అంది. "దాన్ని నిలబడనీరా. ఇంట్లో అరిచే బదులు అక్కడ అరుస్తుంది. మనకీ కాస్త ప్రశాంతంగా ఉంటుంది."

వార్త వార్డంతా పాకింది. స్టూడెంట్లందరూ శభాష్ అన్నారు, మీలాంటివాళ్ళే రావాలి టీచర్ అన్నారు. అన్న నోటితోనే, "కానీ మీరెళ్ళిపోతే ఇక్కడ ఎవరు నేర్పుతారు?" అన్నారు. నీళ్ళొస్తాయి కదా అని ఆమె అంటే గుమాస్తా మొహం అదోలా పెట్టాడు. "నీళ్ళంటే మళ్ళీ జలుబులూ అవీ. గాలి బాగానే ఉంది కదమ్మా. చెవిలోకి పోయేది లేదు, తల తుడుచుకునే పని లేదు."

"ఫైరింజన్ పిల్ల చచ్చిపోబోయింది!"

"పాపం," అన్నాడు గుమాస్తా, గాలిలో వెల్లకిలా తిరిగి.

ఆ మాటకి టీచరు రాసిపెట్టుకున్న రాజీనామా కాగితం చింపి పారేద్దామనుకుంది. ఎవరి కోసం ఇదంతా? గోరుచుట్టు మీద రోకటిపోటులా మర్నాడే చూద్దాంగారు ఇంటికొచ్చాడు. సోఫాలో కూర్చుని, టీ తాగి, కప్పు కింద పెట్టి, "నీ ఉద్యోగం పర్మనెంట్ చేయించాను," అన్నాడు. చూద్దాం అనకుండా ఆయన చేసిపెట్టిన మొదటి పని అదే అయ్యుంటుంది. ఆర్డరు సిద్ధంగా ఉందనీ, పూల్ దగ్గర పదిమందిలో తనే చేతికిస్తాననీ, ఫొటోగ్రాఫర్లు వస్తారనీ చెప్పాడు. 'నీరు అక్కరలేని ఈత' అని బోర్డు కూడా రాయించాడట. "ఇంకా ఆ నామినేషన్లవీ ఎందుకమ్మా మనకి? ఆడవాళ్ళు ఎండలో తిరగలేరు."

ఆయన వెళ్ళాడు. పర్మనెంట్ అనే మాట మాత్రం ఇంటికొచ్చిన చుట్టంలా తిరుగుతూనే ఉంది. పింఛను, సెలవులు, అత్తగారి మోకాళ్ళ ఆపరేషను. టీచరు రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. ఆశ పడలేదని చెప్తే అబద్ధమవుతుంది. చాలా ఆశ పడింది, ఆశ పడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నామినేషన్ల ఆఖరి రోజే ఆయన ఆ సభ పెట్టుకున్నాడు. కావాలనే. మధ్యాహ్నం మూడింటికి గడువు. టీచరు మామూలుగానే ఊడ్చింది, మామూలుగానే తిట్టింది. నింపిన నామినేషన్ కాగితాలు సంచిలో ఉన్నాయి, రాజీనామా కూడా ఉంది. ఏది బయటికి తీస్తుందో ఆమెకే తెలియదు. స్టూడెంట్లు ఉతికిన ఈత బట్టలేసుకుని, ఫొటోలంటే ఉన్న సంబరంతో ముందే వచ్చేశారు. అత్తగారు గట్టు మీంచి జారి గాలిలోకి వెళ్ళింది. ఫైరింజన్ పిల్ల మాత్రం దిగలేదు, ఓ పక్కన నిలబడింది. భర్త షాపుకి సెలవు పెట్టి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

చూద్దాంగారు దండ వేసుకుని మరీ వచ్చాడు. మైకు పట్టుకుని, "నీళ్ళు లేవని ఏడ్చే వార్డులు చాలా ఉన్నాయి. మా వార్డు చూడండి! మా ప్రజలు అడగరు. సర్దుకుపోతారు!" అన్నాడు. అని ఆర్డరు కాగితం ముందుకి చాపాడు. "ఈల ఊదమ్మా, ఫొటోలో బాగుంటుంది."

సర్దుకుపోతారు అన్న మాట ఆమె చెవిలో సీసం పోసినట్టయింది. ఈల నోటిదాకా వెళ్ళింది, ఆగింది. మెడలోంచి ఈల తాడు తీసి గట్టు మీద పెట్టింది. సంచిలోంచి రాజీనామా తీసి, ఆయన చాపిన చేతిలోనే పెట్టింది.

"ఇక నా వల్ల కాదు," అంది.

ఆ మాటతో పూల్లో గాలి వదులైంది. ఎవరూ ధబాలున పడలేదు. బేకరీ ఆవిడ, గుమాస్తా, కాలేజీ పిల్లలు, అందరూ చెట్టు మీంచి ఆకు దిగినట్టు మెల్లిగా కిందికి దిగి, పలకల మీద పాదాలు ఆనించి నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నాళ్ళుగా పైనుంచి ఈదుకుంటూ వెళ్ళిన నేలని ఇప్పుడు కింద నిలబడి చూస్తే అది ఎంత లోతో, గోడలు ఎంతెత్తో, నీళ్ళొచ్చే గొట్టం మూతి ఎంత ఎండిపోయిందో తెలిసింది. గుమాస్తా గొట్టంలోకి చెయ్యి పెట్టి చూశాడు. సాలెగూడు చేతికి అంటుకుంది. "ఇదేమిటయ్యా ఇంత అన్యాయం?" అన్నాడు, అప్పుడే ఊరికి కొత్తగా వచ్చినవాడిలా.

టీచరుకి అప్పుడు గుర్తొచ్చింది. "అత్తయ్యా!" అని పరిగెత్తింది.

అత్తగారు లోతు వైపు అడుగున కూర్చుని ఉంది. దెబ్బలేమీ తగల్లేదు. నిచ్చెన వైపు ఒకసారి చూసి, తన మోకాళ్ళ వైపు ఒకసారి చూసుకుని, తల పైకెత్తి, "బాబూ, మెంబరుగారూ," అని పిలిచింది. "నేను పైకెలా రావాలి నాయనా?"

"నలుగురు మనుషుల్ని దింపిస్తానమ్మా, ఎత్తుకొస్తారు."

"నన్నొకరు ఎత్తడమేమిటి? నీళ్ళు వదిలించు. తేలి వస్తాను."

"చూద్దాం అమ్మా..."

"చూడు. నేనూ ఇక్కడే కూర్చుని చూస్తుంటాను."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మోకాళ్ళు నొచ్చే ముసలావిడ మొండికేస్తే ఇంక చెప్పాలా? బేకరీ ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది. గుమాస్తా కూర్చున్నాడు. ఎక్కగలిగినవాళ్ళు కూడా ఎవరూ నిచ్చెన వైపు వెళ్ళలేదు. ఫొటోగ్రాఫర్లకి 'నీరు అక్కరలేని ఈత' బోర్డు కింద ఎండు గుంటలో కూర్చున్న జనం దొరికారు, అంతకంటే ఏం కావాలి? టకటకా ఫొటోలు తీసుకుంటున్నారు. చూద్దాంగారి మొహం మాడిపోయింది. పక్కకెళ్ళి ఫోన్లో ఎవరినో కేకలేశాడు. కాసేపటికి గొట్టం ఒకసారి దగ్గి, తుప్పు కక్కి, నీళ్ళు వదిలింది.

అంతే పని! వాల్వు తిప్పడం! ఇన్నేళ్ళు కాళ్ళరిగేలా తిరిగిన పని ఒక్క ఫోను! టీచరు గట్టు మీద కూలబడి నెత్తి కొట్టుకుంది, నవ్వాలో ఏడవాలో తెలీక.

కానీ నీళ్ళు పెరిగేకొద్దీ ఇంకో సంగతి తెలిసొచ్చింది. అడుగున ఉన్నవాళ్ళందరూ గజ ఈతగాళ్ళే, ఒక్కరికీ ఊపిరి బిగబట్టడం రాదు. నడుం లోతు వచ్చేసరికి గుమాస్తా ఉత్సాహంగా మునిగి, నీళ్ళు మింగి, కళ్ళు తేలేశాడు. టీచరు చీరతోనే దూకి లాక్కొచ్చింది. అతన్ని నిచ్చెనకి ఆనించేలోపు బేకరీ ఆవిడ దగ్గుతోంది. పైకి రండి అంటే ఎవరూ వినరు, ఏళ్ళ తర్వాత నీళ్ళు చూశారు. ఆమె ఒకళ్ళని లాగితే ఇంకొకళ్ళు మునుగుతున్నారు.

చూద్దాంగారు గట్టు అంచుదాకా వచ్చి గడియారం చూసుకున్నాడు. మూడింటికి ఎంతో లేదు. "నామినేషన్‌కి టైమైపోతోంది కదమ్మా," అన్నాడు తియ్యగా. "వెళ్తావా మరి? వీళ్ళకేమైనా అయితే పాపం నీకే తగులుతుంది."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది, కానీ ఆయన అన్నది నిజమే. సంచి గట్టు మీద ఉంది. మనుషులు నీళ్ళలో ఉన్నారు. వదిలి ఎలా వెళ్తుంది? సంచి వైపు చూడటం మానేసింది.

అప్పటికి అత్తగారు మెడ లోతులో హాయిగా తేలుతోంది. "అమ్మాయ్, నువ్వు వెళ్ళు," అంది.

"ఎలా వెళ్తానత్తయ్యా? వీళ్ళకి ఊపిరి పట్టడం రాదు. మీకూ రాదు."

"నాకా? మా అత్తగారింట్లో పదిహేనేళ్ళు కాపురం చేశాను. నేను చేసింది అదొక్కటే పని." ఫైరింజన్ పిల్ల వైపు తిరిగి, "ఇలా రావే. నోరు ముయ్యి. ముక్కు గట్టిగా పట్టుకో. నాకు ఎదురుగా కూర్చుని నేను లేచేదాకా లేవకు," అంది.

ఆ పిల్ల భయపడుతూనే దిగింది. ఇద్దరూ మునిగారు.

నీళ్ళు చెదిరి, సర్దుకుని, నిశ్చలమయ్యాయి. పూల్లో ఎవరూ కదల్లేదు. గుమాస్తా, "ఏమమ్మా, చాలాసేపైంది," అన్నాడు. చూద్దాంగారు మైకు కింద పెట్టేశాడు. టీచరు నిచ్చెన కమ్మీని గట్టిగా పట్టుకుంది. లోపల తన అత్తగారు. లోపల ఆ పిల్ల ఉద్యోగం, ఆ పిల్ల ప్రాణం. ఇంక ఆగలేక దూకబోతుంటే రెండు తలలు ఒకేసారి పైకి లేచాయి. ఫైరింజన్ పిల్ల ఒక్కసారి కూడా దగ్గలేదు. ఎర్రబడ్డ కళ్ళతో నవ్వింది.

అత్తగారు మొహం మీది నీళ్ళు తుడుచుకుని కోడల్ని చూసింది. "ఇంకా ఇక్కడే ఉన్నావేమిటి నువ్వు? వీళ్ళ సంగతి మేమిద్దరం చూసుకుంటాం."

టీచరు ఏడుస్తూనే సంచి అందుకుంది. గేటు దగ్గర భర్త స్కూటర్ స్టార్ట్ చేసి ఉంచాడు. పర్మనెంట్ మాట ఆయన ఎత్తలేదు. "గట్టిగా పట్టుకో," అన్నాడు, అంతే.

మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద ఆమె చీరలోంచి నీళ్ళు ధారగా కారాయి. గుమ్మం దగ్గర కాపలా మనిషి కర్ర అడ్డం పెట్టాడు. "ఇలా తడి బట్టలతో లోపలికి రాకూడదమ్మా. ఆరాక రండి."

"మా వార్డుకి నీళ్ళొచ్చాయి," అంది టీచరు. "తప్పుకో."